ఒక నిమిషం ఇరవై ఏడు సెకన్లు

మార్చి 9, 1943, మంగళవారం

యుద్ధకాలంలో నౌకాదళంలో ఎవరూ డైరీ రాయకూడదు. శత్రువు చేతికి చిక్కితే రహస్యాలు బయటపడతాయట. కనుక ఇది డైరీ కాదు. ఆటుపోట్ల పట్టికల పుస్తకం చివర మిగిలిన ఖాళీ కాగితాల మీద ఒక విద్యావంతుడు చేసుకుంటున్న చేతిరాత అభ్యాసం. ఇది శత్రువుగారికే దొరికితే ఆయన తెలుసుకోగల అతి పెద్ద రహస్యం, మా వంటవాడు బంగాళాదుంపల్ని ఏం చేస్తాడన్నది. ఆ ఆయుధాన్ని వాళ్ళు మా మీద వాడలేరు. మేం ఆల్రెడీ తిని ఉన్నాం.

ఈ ఉదయం మా రేవు హోలీ లాక్ నుంచి నార్వే తీరానికి బయల్దేరాం. మా జలాంతర్గామి 'సీ హాలీ'కి ఇది నాలుగో గస్తీ. మొదటి మూడింటిలో మేం ముంచిన ఓడల సంఖ్యని గ్రీకులు కనిపెట్టలేకపోయారు, మేం కనిపెట్టాం. సున్నా.

ఏదైనా ముంచి వచ్చిన జలాంతర్గామి పుర్రె జెండా ఎగరేసుకుంటూ రేవులోకి వస్తుంది. మా వాళ్ళ ఆచారం అది. సరుకు ఓడకి ఒక తెల్ల పట్టీ, యుద్ధనౌకకి ఒక ఎర్ర పట్టీ కుట్టుకుంటారు. పక్క బోట్ల జెండాలు పెళ్ళి దుప్పట్లలా ఉన్నాయి. మాది ఒంటి పుర్రె. సిగ్నల్‌మన్ ఎబ్డన్ ప్రతి గస్తీకీ దాన్ని బయటికి తీసి, దులిపి, ఓదార్చి, మళ్ళీ మడిచి పెట్టేస్తాడు.

మార్చి 10

ఫస్ట్ లెఫ్టినెంట్ డ్రమండ్ (బోటులో రెండో పెద్ద, అందరికీ నంబర్ వన్) టీ తాగుతూ మామూలుగా అన్నాడు: "ఇదీ ఖాళీగా వెళ్తే కెప్టెన్‌ని ఒడ్డు మీద బల్ల వెనక కూర్చోబెడతారు. పై ఆఫీసులో కాగితం తయారైపోయింది. సంతకమే తక్కువ."

"ఆయన చోట ఎవరు?"

"ట్వైనింగ్."

నా చేతిలో బిస్కట్ విరిగింది. లెఫ్టినెంట్ కమాండర్ ట్వైనింగ్ బోటులో గస్తీ మధ్యలో కూడా రోజూ గడ్డం గీసుకోవాలి. ఉప్పునీళ్ళతో. ఆ బోటు మనుషుల మొహాలు చూశాను. ఒలిచిన రొయ్యల్లా ఉంటాయి.

"నువ్వేమీ భయపడకు వాస్కో," అన్నాడు నంబర్ వన్. "నీకు గీయడానికి ఏముంది గనక."

మా నౌకాదళంలో దారి చూపించే అధికారిని ఎవరైనా వాస్కో అనే పిలుస్తారు. నా అసలు పేరు టోబీ ఫెన్విక్. డర్హమ్ విశ్వవిద్యాలయంలో మూడేళ్ళు ప్రాచీన గ్రీకుల నౌకాయుద్ధాలు చదివాను. వాళ్ళలో ఎవరూ కావాలని నీళ్ళ కిందికి పోలేదు.

మార్చి 13

కెప్టెన్ పెంగెలీ గురించి ఒక మాట, నేను ముసలివాణ్ణయ్యాక మర్చిపోకుండా. ఇరవై ఎనిమిదేళ్ళు. కార్న్‌వాల్‌వాడు. వాళ్ళ నాన్న పూలతోటలు పెంచుతాడు. గొంతెత్తి మాట్లాడ్డం నేను వినలేదు. పోయిన గస్తీలో జర్మన్లు మా నెత్తిన మూడు గంటలు నీటిబాంబులు కురిపిస్తుంటే ఆయన కంట్రోల్ రూమ్‌లో కూర్చుని విత్తనాల కేటలాగు పైకి చదివాడు. ఒక్కో బాంబుకి ఒక్కో కూరగాయ. క్యాబేజీ దగ్గర దీపాలు పోయాయి. "'లీక్' అనే ఉల్లికాడల గురించి చీకట్లో కూడా చెప్పొచ్చు," అని కంఠస్థంగా అందుకున్నాడు. నలభై ఎనిమిది మందిమి చావడం మానేసి ఉల్లికాడల రకాల గురించి వాదించుకున్నాం.

ఇలాంటి మనిషిని బల్ల వెనక కూర్చోబెడతారట.

మార్చి 15

ఏమీ లేదు. మంచు. ఒక సీల్ జంతువు. దానికి జెండా మీద పట్టీ లేదట, అడిగాను.

మార్చి 17, బుధవారం

ముంచాం.

ఉదయం తొమ్మిదీ నలభై. పెరిస్కోప్‌లో ఓడ. సుమారు నాలుగు వేల టన్నుల జర్మన్ సరుకు ఓడ, పక్కన ఒక కాపలా పడవ, వెనకాల మంచు కప్పుకున్న నల్ల కొండ. దాడి సమయంలో నా పని లెక్కలు కట్టడం, స్టాప్‌వాచ్ పట్టుకోవడం. టార్పెడో వదిలిన క్షణాన నొక్కాలి, పేలిన క్షణాన ఆపాలి. ఎంతసేపు పరిగెత్తిందో తెలిస్తే ఎంత దూరాన దేనికి తగిలిందో తెలుస్తుంది.

"దూరం రెండు వేల రెండొందల గజాలు," అన్నాడు కెప్టెన్.

"అయితే ఒక నిమిషం ఇరవై ఏడు సెకన్లు పడుతుంది సార్," అన్నాను నేను.

నాలుగు టార్పెడోలు వదిలాం. బోటు నాలుగుసార్లు ఎక్కిళ్ళు పెట్టింది. అంతలో పైన మంచు తుఫాను దిగింది. "ఏమీ కనబడ్డం లేదు. పాలగిన్నెలో తల పెట్టినట్టుంది," అని కెప్టెన్ పెరిస్కోప్ దించేశాడు.

నిశ్శబ్దం. ఆ తర్వాత ఢామ్మని పేలుడు. గట్టి, గుండ్రటి, అందమైన పేలుడు.

నాలుగు గస్తీల తర్వాత మొదటి కేక ఎవరిదో తెలీదు. ఇంజన్ గది నుంచి టార్పెడోల గది దాకా అందరూ అందుకున్నారు. వంటవాడు మూకుడు వాయించాడు. ఎబ్డన్ ఏడుస్తూ తనకి జలుబని చెప్పాడు. కెప్టెన్ నా వైపు తిరిగాడు. ఆ మొహం మీద వెలుగు ఇంతకు ముందెప్పుడూ చూడలేదు.

"టైమెంత వాస్కో?"

"ఒక నిమిషం ఇరవై ఏడు సార్," అన్నాను.

స్టాప్‌వాచ్ జేబులో వేసుకున్నాను. చూడాల్సిన అవసరం కలగలేదు.

తర్వాత కాపలా పడవ ఇరవై మూడు బాంబులు వేసింది. కెప్టెన్ బీట్‌రూట్ నుంచి టర్నిప్ దాకా వచ్చాడు. అంతా క్షేమం. ఒక టీ కప్పు అమరత్వం పొందింది.

మార్చి 18

స్టాప్‌వాచ్ ఇంకా జేబులోనే ఉంది. ముల్లు ఎక్కడ ఆగిందో నాకు తెలుసు కాబట్టి తీసి చూడలేదు.

మార్చి 19

చూశాను. మూడు నిమిషాల పన్నెండు సెకన్లు.

చలికి వాచీలు తప్పు నడుస్తాయన్నది జగమెరిగిన సత్యం.

మార్చి 20

జగమెరిగిన సత్యాన్ని పరీక్షకు పెట్టాను. బోటులోని పెద్ద గడియారం పక్కన స్టాప్‌వాచ్ పెట్టి అరగంట నడిపాను. అర సెకను తేడా. దాని నిజాయితీకి దాన్ని తిట్టుకున్నాను.

పోనీ వేలు ఆలస్యంగా నొక్కిందేమో. వేలు నాదే, నాకు తెలుసు దాని సంగతి. అయినా ఒకటి ఇరవై ఏడు ముందే లెక్క కట్టిన అంకె. లెక్కలో తప్పు లేదు. లెక్కకి కట్టుబడనిది ఓడ.

మ్యాప్ తీశాను. మూడు నిమిషాల పన్నెండు సెకన్లకి టార్పెడో నాలుగు వేల ఎనిమిదొందల అరవై గజాలు పోతుంది. మేమున్న చోటి నుంచి అదే దిక్కులో నాలుగు వేల తొమ్మిదొందల గజాల దగ్గర ఒక వస్తువు ఉంది. కొండ.

మ్యాప్ మడిచేశాను. కొండలు ఎక్కడో ఒక చోట ఉండాలి కదా.

మార్చి 21, ఆదివారం

ఎబ్డన్ పట్టీ కుడుతున్నాడు. బట్ట దొరకలేదని కెప్టెన్ తన దిండు గలీబు ఇచ్చాడట.

"సార్, కాస్త ఈ చివర పట్టుకోండి," అన్నాడు. పట్టుకున్నాను. "నాలుగు వేల టన్నులంటే ఎంత పొడుగు కుట్టమంటారు? రెండంగుళాలా, మూడా?"

"చిన్నదిగా కుట్టు."

"చిన్నదేంటి సార్. మొదటి సంతానం. దిష్టి తగిలినా సరే, మూడు అంగుళాలు కుడతా."

సూది గుచ్చినప్పుడల్లా నాకే గుచ్చుకుంది. పోలిక బాగోలేదని తెలుసు. ఇవాళ ఇంతకంటే మంచిది రావడం లేదు.

మార్చి 22

దాడి వివరాల కాగితాలన్నీ నేనే జతచేయాలి. నీళ్ళలో శబ్దాలు వినే యంత్రం దగ్గర కూర్చునేది క్విల్. లివర్‌పూల్ కుర్రాడు, వాడి చెవులు బోటు మొత్తానికి పెట్టుబడి. ఓడ మునిగితే దాని ప్రొపెల్లర్ల చప్పుడు ఆగిపోవాలి. ఆ వేళకి ఏం విన్నాడో వాడి పుస్తకంలో ఉండాలి. తెరిచాను. పదిన్నరకి టార్పెడోలు వదిలే దాకా అన్నీ ముత్యాల్లాంటి అక్షరాలు. సరిగ్గా ఆ తర్వాతి ఇరవై నిమిషాల దగ్గర పేజీ నిండా కోకో మరక.

"ఒలికింది సార్," అన్నాడు క్విల్.

"ఆ ఇరవై నిమిషాల మీదే ఒలికిందా?"

"కోకోకి కూడా కొంత విచక్షణ ఉంటుంది సార్."

వాడు నన్ను చూశాడు. నేను వాణ్ని చూశాను.

"క్విల్, ఆ ఓడ ప్రొపెల్లర్ల చప్పుడు ఆగిందా?"

"మీ వాచీ ఆగిందా సార్?"

తర్వాత వాడే గొంతు తగ్గించి చెప్పాడు. "ఆగలేదు సార్. టకటకా నడుచుకుంటూ ఉత్తరానికి వెళ్ళిపోయింది. పేలుడు చాలా దూరాన జరిగింది. చెప్పడానికి నోరు తెరిచాను. అప్పుడే కెప్టెన్‌గారి మొహం చూశాను. నోట్లోకి బిస్కట్ పెట్టేసుకున్నా."

నంబర్ వన్ దగ్గరికి పోయాను. ధైర్యం అంటువ్యాధి కాబట్టి ఎవరి దగ్గరైనా అంటుకుంటుందని.

"టార్పెడోలు పోతే బోటు ముక్కు తేలికై పైకి లేస్తుంది," అన్నాడాయన, అడక్కుండానే. "నీళ్ళు నింపి సరిచెయ్యడానికి నాకు రెండు నిమిషాలు పైనే పట్టింది. అంతా అయ్యాక చెయ్యి తుడుచుకుంటుంటే పేలింది. ఒకటి ఇరవై ఏడట. ఇంత చక్కగా అబద్ధం ఆడే కుర్రాడు రాజకీయాల్లోకి పోకుండా ఇక్కడెందుకు చేరాడా అనుకున్నా."

"మరి మీరెందుకు ఊరుకున్నారు?"

"నాకు గడ్డం గీసుకుంటే మొహం మండుతుంది," అన్నాడు నంబర్ వన్.

మార్చి 23

రేపు రేవు. కెప్టెన్ పొద్దుట్నుంచి నివేదిక రాస్తున్నాడు.

ఇప్పటికి నాలుగుసార్లు ఆయన బల్ల దాకా వెళ్ళి, నాలుగుసార్లు పెన్సిల్ అడిగి తెచ్చుకున్నాను. ప్రస్తుతం ఈ బోటులో నా అంత పెన్సిల్ సంపన్నుడు లేడు.

అదే రోజు, సాయంత్రం

ఐదోసారి వెళ్ళాను. ఆయన తలెత్తకుండానే పెన్సిల్ చాపాడు.

"పెన్సిల్ కాదు సార్. మూడు నిమిషాల పన్నెండు సెకన్లు."

కలం ఆగలేదు. "తెలుసు," అన్నాడు.

నేను మంచం అంచు మీద కూర్చున్నాను. ఆ గదిలో ఇంకెక్కడా కూర్చోవడం కుదరదు.

"మంచు కమ్మేముందు ఒక్క క్షణం చూశాను వాస్కో. ఓడ పక్కకి తిరిగిపోతోంది. అప్పుడే అర్థమైంది, తగలదని. తర్వాత పేలుడు. మనవాళ్ళ కేకలు. మూడు గస్తీలు వాళ్ళు నోరు మూసుకుని నా వెనక తిరిగారు. ఆ కేకని నేనెలా ఆపను? నువ్వు ఆపుతావని నిన్ను టైమడిగాను. నువ్వేమో..."

"ఒకటి ఇరవై ఏడు."

"నిజంగానే నమ్ముతున్నావనుకున్నా. నీ మొహం అంత వెలిగిపోతోంది."

అది ఆయన మొహమని చెప్పబోయి మానుకున్నాను.

ఆయన కాగితం నా ముందు పెట్టాడు. పొద్దుట్నుంచీ పడిన శ్రమ. 'ఒక పేలుడు స్పష్టంగా వినిపించింది. ఆ తర్వాత లక్ష్యం మాకు కనిపించలేదు.' రెండూ నిజాలే. పక్కపక్కన నిలబెడితే ఒక ఓడ మునిగిపోతోంది. మూడేళ్ళు చరిత్ర చదివినవాణ్ని, ఇంత నాణ్యమైన పనితనం అరుదుగా చూశాను.

"బాగుంది సార్," అన్నాను. "దీని కింద సంతకం పెడితే..."

"బోటు నాకే ఉంటుంది. పట్టికలో ఆ ఓడ పేరు కొట్టేస్తారు. ఇక దానికోసం ఎవరూ వెతకరు. అది తాపీగా తుపాకులు మోసుకుంటూ తిరుగుతుంది, నా దిండు గలీబు చలవతో."

కాగితాన్ని నాలుగు ముక్కలు చేశాడు. కొత్తది తీసుకుని మూడు నిమిషాల పన్నెండు అని రాశాడు. రాశాక కలం పక్కన పెట్టి అప్పుడు నన్ను చూశాడు. ఇంతకు ముందెప్పుడూ చూడని చూపు. ట్వైనింగ్ ఉప్పునీళ్ళ క్షవరమే దీనికంటే సుఖంగా ఉంటుందనిపించింది.

"ఇకమీదట వాచీలో ఏ అంకె ఉంటే అది చెప్పాలి. నా జుట్టు అంటుకుని మండుతున్నా సరే, ముందు అంకె. జుట్టు సంగతి తర్వాత."

"చిత్తం సార్."

"నాకోసం చెప్పావని తెలుసు. అందుకే రెండింతలు కోపంగా ఉంది. వచ్చే గస్తీ ఎవరి కింద చేసినా ఈ మాట గుర్తుంచుకో."

ఎవరి కింద చేసినా. ఆ మాట ఆయన చాలా మామూలుగా అన్నాడు.

మార్చి 23, ఇంకా కొంచెం

కెప్టెన్ అందర్నీ కంట్రోల్ రూమ్‌కి పిలిచాడు. పట్టనివాళ్ళు గుమ్మాల్లోంచి తలలు పెట్టారు.

"మనం బుధవారం ఒక నార్వే కొండ మీద దాడి చేశాం," అన్నాడు. "టార్పెడో సూటిగా తగిలింది. కొండ మునగలేదు. ఓడ వెళ్ళిపోయింది. తప్పు గురి నాది. మీకు ఆ రోజే చెప్పాల్సింది, చెప్పలేదు. అదీ నాదే."

నా పేరు ఎత్తలేదు. నేను నోరు తెరిచాను. నంబర్ వన్ నా కాలు తొక్కాడు. బూటుతో.

ఎబ్డన్ చేతిలో జెండా ఉంది. కుట్టిన పట్టీ మీద బొటనవేలు పెట్టి రుద్దుతున్నాడు. అప్పుడు వెనక నుంచి క్విల్ గొంతు, ఆసుపత్రిలో పరామర్శించేంత మృదువుగా:

"కొండకి దెబ్బ బాగా తగిలిందా సార్?"

మొదట వంటవాడు నవ్వాడు. ఆ తర్వాత ఎవరు నవ్వలేదో చెప్పడం తేలిక. ఎవరూ లేరు. కెప్టెన్ గోడకి ఆనుకుని కళ్ళు తుడుచుకున్నాడు.

"కుట్లు విప్పేస్తాను సార్," అన్నాడు ఎబ్డన్. "కానీ బట్ట వేస్టవుతుంది. పట్టీని మధ్యకి మడిస్తే మూడుకోణాలొస్తాయి. కొండలా ఉంటుంది."

"పుర్రె జెండా మీద కొండా?"

"నిబంధనల్లో కొండ వద్దని ఎక్కడా లేదు," అన్నాడు నంబర్ వన్. "నేను చూశాను. ఇందాకే."

నాలుగు టార్పెడోలు పోయాయి, ఒక్క ప్రాణం పోలేదు. యుద్ధశాఖ దీన్ని నష్టం ఖాతాలో రాసుకుంటుంది. ఆ ఓడలోనూ ఒక వంటవాడు ఉంటాడు, ఇప్పుడు బంగాళాదుంపల్ని ఏదో చేస్తూ ఉంటాడు. దీని గురించి ఏమనుకోవాలో నాకు తెలీదు. యుద్ధం అయ్యాక అనుకుంటాను.

మార్చి 24, బుధవారం

హోలీ లాక్. వాన. బోట్లన్నీ ఆనుకుని ఉండే తల్లి ఓడ కటకటాల వెంట మూడొందల మంది నిలబడ్డారు. మాకు జెండా ఉందని దూరం నుంచే చూసి కేకలు మొదలెట్టారు. దగ్గరికొచ్చే కొద్దీ కేకలు సన్నగిల్లాయి. మెడలు ముందుకి సాగాయి. పక్క బోటు నుంచి సంకేతాల దీపం మిణుకుమంది. ఎబ్డన్ చదివాడు:

"మీ జెండా మీద అది టెంటా?"

కెప్టెన్ జవాబు పంపమన్నాడు: "కొండ. నార్వేది. ఒక టార్పెడోతో."

పక్క బోటు దీపం మళ్ళీ మిణుకుమంది: "దాని బరువెన్ని టన్నులు?"

"తూచడానికి మనిషిని పంపాం."

"ప్రాణాలతో ఎవరైనా బయటపడ్డారా?"

"మేకలు మాత్రమే. ఈదుకుంటూ వెళ్ళిపోయాయి."

అప్పుడు తల్లి ఓడ మీద నవ్వు మొదలైంది. వానలో టోపీలు ఎగిరాయి. రెండు టోపీలు నీళ్ళలో పడ్డాయి, అవి ఈ గస్తీలో మేం అధికారికంగా ముంచినవని నంబర్ వన్ అన్నాడు.

పదకొండున్నరకి ఫ్లోటిల్లా (మా జలాంతర్గాముల దళం) పెద్ద నుంచి కబురు. కెప్టెన్ ఉన్న ఒక్క మంచి కోటూ వేసుకుని, నివేదిక చంకలో పెట్టుకుని పైకెళ్ళాడు. గడ్డం గీసుకున్నాడు. ఆ గడ్డం లేని మొహం చూడ్డం నాకు నచ్చలేదు.

పన్నెండు. పన్నెండుంబావు. బోటులో ప్రతివాడూ ఏదో ఒకటి తుడుస్తున్నాడు. ఒకే ఇత్తడి గొట్టాన్ని నలుగురు తుడవడం చూశాను. నేను ఐదోవాణ్ని.

పన్నెండున్నర దాటాక నిచ్చెన మీద బూట్లు కనిపించాయి. దిగాడు. కోటు విప్పి కొక్కేనికి తగిలించాడు.

"వాస్కో, మళ్ళీ అవే మ్యాపులు తీసుకో. వారం విశ్రాంతి, గురువారం బయల్దేరుతున్నాం."

"మీరేనా సార్?" నోరు జారిపోయింది.

"నేనే. ఇంకొక్క గస్తీ. 'నీ అంతట నువ్వే కొండని తెచ్చిచ్చావు కాబట్టి, రేపు ఓడ తెచ్చిస్తే అది నిజమా అని నేను తిరగేసి చూడను' అన్నారు. ఖాళీగా వస్తే మాత్రం బల్ల ఖాయమట. ఎలాంటి బల్లో కూడా చెప్పారు. సొరుగులు మూడు." ఆయన గొట్టం వైపు చూశాడు. "అదేం పాపం చేసింది? వదిలెయ్యండి."

నేను ఆయన వెంట గది దాకా వెళ్ళాను. "సార్, ఒకటి ఇరవై ఏడు గురించి వాళ్ళకి..."

"చెప్పాను. దాడిలో టైము తప్పుగా చెప్పిన అధికారి తనంతట తానే సరిదిద్దాడని రాశాను. నీ సెలవు మూడు రోజులు కోశారు. టార్పెడోలు ఎక్కించే పని నీది."

ఇంత న్యాయమైన శిక్ష నాకు ఎవరూ వెయ్యలేదు. చిన్నప్పుడు మా అమ్మ కూడా.

మార్చి 28

టార్పెడో ఒక్కోటి టన్నున్నర. వీపు నాదే అని గుర్తుచేసుకుంటున్నాను, ఎందుకంటే అది వేరే ఎవరిదోలా ఉంది.

ఏప్రిల్ 1, గురువారం

తేదీ నేను ఎంచుకోలేదు. నావికులు శుక్రవారం బయల్దేరరు కాబట్టి ఇదే దిక్కయింది.

తొమ్మిది గంటలకి కెప్టెన్ చివరిసారి ముందు గదిలో టార్పెడోలు చూసుకోవడానికి వచ్చాడు. ఎవరో, ఎవరో నాకు తెలీదు, విచారణ జరిగితే కూడా తెలీదు, మొదటి టార్పెడో మీద చాక్‌పీసుతో పెద్ద అక్షరాల్లో రాశారు: 'ఓడలకు మాత్రమే.'

అందరం పైకప్పు కేసి చూశాం. ఆయన రెండుసార్లు చదువుకున్నాడు. చెయ్యి చాచాడు. క్విల్ తన జేబులోంచి చాక్‌పీసు తీసి ఇచ్చాడు, ఇచ్చాక నాలుక్కరుచుకున్నాడు.

కెప్టెన్ వంగి, ఆ అక్షరాల కింద, వాళ్ళ నాన్న పూలకుండీల మీద పేర్లు రాసేటంత శ్రద్ధగా చేర్చాడు: 'దయచేసి.'